శిశురంజని కొత్త సీసా

ప్రజలకు తెలియజేయడమేమనగా, బందరులోని సాగరముఖ ఔషధశాల లిమిటెడ్ వారి శిశురంజని మందు గాజు సీసాను విడిచి ప్లాస్టిక్కు సీసాలో ప్రవేశించింది. ముహూర్తం దాటకుండా ప్రవేశించిందని కంపెనీవారు ప్రకటనలో చేర్చారు. ప్రవేశించిన మందు అక్కడే ఉంటుందా అన్న విషయం ప్రకటనలో లేదు. ఆ సందేహం ఒక్కడికే కలిగింది. అతని పేరు ప్రకటన అడుగున, రూపకల్పన అన్న మాట పక్కన అచ్చయింది.

అతను సుందరరాజు. గూడూరు దగ్గర పల్లెలో పుట్టి, మిషన్ బళ్ళో చదివి, కాకినాడలో ఇంజనీరింగు పాసై, బొంబాయిలో ప్లాస్టిక్కు కార్ఖానాలో పనిచేసి వచ్చాడు. కంపెనీలో అతని హోదా ప్లాస్టిక్కు రూపకల్పన ఇంజనీరు. అలాంటి హోదా జిల్లాలో మరొకటి లేదు కాబట్టి అతను ఏం చేస్తాడో చెప్పగలిగినవారూ లేరు. దువ్వెనలు చేస్తాడని చర్చిలో అనుకునేవారు. గాజులు చేస్తాడని చిలకలపూడిలో అనుకునేవారు. కంపెనీ ఛైర్మన్ రామబ్రహ్మం గారు మాత్రం, "మా ఇంజనీరు సీసాలు ఊదుతాడు" అని పరిచయం చేసేవారు. అది నిజానికి దగ్గరగానే ఉంది. మెత్తబడిన ప్లాస్టిక్కు గొట్టాన్ని అచ్చులో బిగించి గాలి ఊదితే సీసా అవుతుంది. ఊదేది యంత్రం. అచ్చు ఏ ఆకారంలో ఉండాలో, గోడ ఎంత మందం ఉండాలో, మూత ఎక్కడ బిగియాలో చెప్పేది సుందరరాజు.

శిశురంజని పసిపిల్లల కడుపునొప్పికి మందు. అందులో వాము నూనె, సోంపు నూనె, పంచదార పాకం ఉంటాయి. చెంచాడు పోస్తే పిల్ల ముందు ఏడుస్తుంది, తరువాత త్రేనుస్తుంది, ఆ తరువాత నిద్రపోతుంది. ఈ మూడూ ఈ వరసలో జరిగితే మందు పనిచేసినట్టు. దివిసీమలో దానికి గిరాకీ ఉంది. కాని దివిసీమ చేరేలోపు గాజు సీసాలు కొన్ని బస్సులో, కొన్ని పడవల రేవులో, మిగిలినవాటిలో కొన్ని అంగడి అరల మీద పగిలేవి. పగలని సీసా కోసమే కంపెనీ సుందరరాజును బొంబాయి నుంచి పిలిపించింది.

సీసా తయారయ్యాక దాన్ని పరీక్షించడానికి డైరెక్టర్లు స్వయంగా పూనుకున్నారు. రామబ్రహ్మం గారికి గుడివాడలో రైసు మిల్లు ఉంది. ఆయన సీసాను మిల్లు పైకప్పు మీద నుంచి పడేయించారు. అది ఎగిరి బస్తాల మీద పడింది. రెండో డైరెక్టరుకు లారీలున్నాయి. ఆయన ధాన్యం లోడుతో ఉన్న లారీని దాని మీదుగా నడిపించారు. సీసా అణిగి, లారీ వెళ్ళాక లేచింది. మూడో డైరెక్టరు వకీలు. ఆయన సీసాను కుర్చీలో పెట్టుకుని, దాని మీద కూర్చుని, ఒక దావా కాగితాలన్నీ చదివారు. ఆయన లేచాక సీసా కూడా లేచింది. బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది. పరీక్షలన్నీ ఖాళీ సీసాతోనే జరిగాయని ఎవరూ గమనించలేదు. మిల్లులోనూ, లారీ కిందా, వకీలుగారి కిందా మందు ఒలికితే మరకలవుతాయి కదా.

"ఇంకొక్క పరీక్ష ఉందండీ," అన్నాడు సుందరరాజు.

"ఇంకేం మిగిలిందోయ్? ఏనుగును తెప్పించమంటావా?" అన్నారు రామబ్రహ్మం గారు.

"ఏనుగు అక్కర్లేదండీ. మందు పోసి కొన్నాళ్ళు ఊరికే ఉంచాలి. ఎండలో కొన్ని, నీడలో కొన్ని. ఇందులోంచి వాము నూనె బయటికి పోతుందని నా అనుమానం."

"మూత సరిగ్గా బిగించుకో."

"మూతలోంచి కాదండీ. గోడలోంచి."

రామబ్రహ్మం గారు సీసాలో నీళ్ళు పోయించి, మూత బిగించి, తలకిందులు చేశారు. చుక్క కారలేదు.

"ఏదీ, ఎక్కడ పోతోందో చూపించు."

"కంటికి కనపడదండీ. ఈ ప్లాస్టిక్కు నీళ్ళను ఆపుతుంది. ఘాటు నూనెలను ఆపలేదు. ఆవిరై గోడలోంచి వెళ్ళిపోతాయి."

"చూడు సుందర్రాజూ. నువ్వు సీసా ఇంజనీరువి. మందు సంగతి మందు చూసుకుంటుంది. ఇన్నేళ్ళు గాజులో కాపరం చేసింది. ఇల్లు మారినంత మాత్రాన లేచిపోతుందా?"

వకీలుగారు నవ్వారు. ఆయన నవ్వితే తీర్మానం అయినట్టే.

సీసాలు తయారై, నిండి, గోడౌనుకు చేరాయి. కొద్దిరోజులకు ఆ వీధి వీధంతా వాము వాసన. గోడౌను కాపలా కోటయ్యకు పెళ్ళినాటి నుంచి అజీర్తి. రాగిజావ తప్ప ఏదీ అరిగేది కాదు. ఒకరోజు అతను రామబ్రహ్మం గారి కారుకు అడ్డంగా నిలబడి దణ్ణం పెట్టాడు.

"అయ్యగారూ, నా కడుపు దూదిలాగుందండి. నిన్న గారెలు తిన్నానండి."

"మందు తాగావా?"

"ఒట్టండి, ముట్టుకోలేదు. వాసనకే తగ్గిందండి."

ఈ సంగతి మీద రామబ్రహ్మం గారు వర్తకుల సభలో ప్రసంగించారు. "మందు తాగితే రోగం తగ్గడం ప్రపంచమంతా ఉంది. పక్కన నిలబడితే తగ్గడం మన బందరులోనే ఉంది. పక్కన నిలబడితేనే ఇంత గుణమిస్తే, తాగిన పసిపాప ఎంత ఆరోగ్యంగా ఉండాలో మీరే ఊహించుకోండి." వర్తకులు ఊహించుకుని చప్పట్లు కొట్టారు.

తరువాత పట్టణ ప్రముఖులు భోజనం కాగానే గోడౌనుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. వారికోసం బల్లలు వేయించారు. బోర్డు సమావేశాలు కూడా ఇకపై మధ్యాహ్నం భోజనానంతరం గోడౌనులోనే జరగాలని తీర్మానం చేశారు. సీసాల పెట్టెలను సీట్ల కింద పెట్టుకుని వెళ్ళే అవనిగడ్డ బస్సులో కూడా ఇదే గుణం కనిపించింది. ప్రయాణికులు చల్లపల్లిలో దిగగానే ఆకలి ఆకలి అంటూ హోటలు మీద పడేవారు. హోటలు యజమాని కంపెనీకి కృతజ్ఞతలు పంపాడు. పెట్టెలు దివిసీమ చేరేసరికి మందు బందరు ప్రముఖుల్లో కొంత, బస్సు ప్రయాణికుల్లో కొంత ఉండేది. సీసాలో పాకం ఉండేది.

సుందరరాజు గోడౌను నుంచి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టుకుని చూశాడు. లోపలి ఆవిరి పోయినచోట గోడలు లోపలికి గుంజుకుని, రెండు వైపులా సొట్టలు పడ్డాయి. మూత తీసి వాసన చూశాడు. వాసన లేదు. నాలుక మీద వేసుకున్నాడు. తియ్యగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. దాన్ని పట్టుకుని ఛైర్మన్ గదికి వెళ్ళాడు.

"చూడండి. నేనన్నది ఇదే. సొట్టలు పడ్డాయంటే లోపలిది బయటికి పోయిందని లెక్క."

రామబ్రహ్మం గారు సీసాను చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు ఒక సొట్టలో, చూపుడు వేలు ఇంకో సొట్టలో సరిగ్గా కూర్చున్నాయి. ఆయన ముఖం విప్పారింది.

"భలేవాడివోయ్. చంకలో పిల్ల, చేతిలో సీసా ఉన్న తల్లికి జారకుండా పట్టు దొరకాలని ఆలోచించావా? చెప్పవేం?"

"నేను ఆలోచించలేదండీ. అది లోపం."

"వినయం మంచిదే. మరీ ఇంత వద్దు."

మరుసటి వారం గోడల మీద కొత్త ప్రకటన వచ్చింది. తల్లి చేతికి పట్టు, సొట్టబుగ్గల సీసా. సొట్ట పడని సీసాలను గోడౌనులోనే ఉంచి, పడ్డాకే పంపాలని ఉత్తర్వు కూడా వచ్చింది. సుందరరాజుకు జీతం పెంచారు.

ఫిర్యాదులు వస్తాయని అతను ఎదురుచూశాడు. రాలేదు. ఎందుకు రాలేదో పక్కింటి నూర్ బీ చెప్పింది. ఆమె మనవడికి రెండు నెలలు.

"ఏం మందు చేశావు నాయనా. పాత మందుకు నలుగురు పట్టుకోవాల్సొచ్చేది. ఇప్పుడు చెంచా చూస్తే చాలు, నోరు తెరుస్తున్నాడు. పోశాక చప్పరిస్తున్నాడు."

"నొప్పి తగ్గుతోందా అమ్మా?"

"నొప్పి ఎక్కడ తగ్గుద్ది? పొద్దుగూకితే గుక్క పెడతాడు. అప్పుడు ఇంకో చెంచా పోస్తాం."

అందుకే అమ్మకాలు పెరిగాయి. పనిచేసే మందు ఒక చెంచాతో అయిపోయేది. పనిచేయని మందుకు చెంచాల లెక్క లేదు. పైగా నాలుగు నెలలు నిండితే పసిపిల్లల కడుపునొప్పి దానంతట అదే పోతుంది. అది డాక్టర్లకు తెలుసు, కంపెనీకి తెలుసు. పోయిన ఘనత మాత్రం సీసాకు దక్కేది.

సుందరరాజు ఇంట్లోనూ పసిపిల్ల ఉంది. ఆ పిల్లకు అతను గోడౌను సీసా ఎన్నడూ తేలేదు. కార్ఖానా తొట్టిలోంచి తాజా మందును పాత గాజు సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. అతని పిల్ల ఏడ్చి, త్రేన్చి, నిద్రపోయేది. ఆ పిల్ల నిద్రపోయాక గోడ అవతల నూర్ బీ మనవడి ఏడుపు వినిపించేది.

"ఆమెకూ ఒక గాజు సీసా ఇద్దామా ఏమండీ?" అంది భార్య ఎలీసబెతు.

"ఒక్క ఆమెకు ఇస్తే సరిపోతుందా? సీసా నాది. నేనే ఆపించాలి."

ఆ మాట అన్నాక అతనికి నిద్ర పట్టలేదు. ఆపిస్తే ఉద్యోగం పోతుంది. ప్లాస్టిక్కు ఇంజనీరుకు జిల్లాలో మరో ఉద్యోగం లేదు. ఆపించకపోతే తన పేరుతో ప్రకటించిన సీసాలో దివిసీమ పిల్లలందరూ పాకం తాగుతూ నొప్పితో ఏడుస్తారు.

అతను దారి ఒకటి కనిపెట్టాడు. గాజు సీసా, దానికి ప్లాస్టిక్కు మూత, మూతలో బెండు బిళ్ళ, చుట్టూ గడ్డి. ఇలా కడితే సీసా పగలదు, మందు పోదు. షెడ్డులో పాత గాజు సీసాలు ఎలాగూ మూలుగుతున్నాయి కదా అని రామబ్రహ్మం గారు ఒప్పుకున్నారు. కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే లాల్ వాటిని నాగాయలంక, అవనిగడ్డ అంగళ్ళకు తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండా వెనక్కి వచ్చాడు. నుదుటి మీద కట్టు ఉంది.

"సార్, కొంప మునిగింది. పిల్లలు గుక్క పట్టి ఏడుస్తున్నారు. ఉమ్మేస్తున్నారు. నాగాయలంకలో ఒక మామ్మ సీసా పెట్టి నన్ను కొట్టిందండీ."

"పగిలిందా?" అన్నారు రామబ్రహ్మం గారు.

"గాజుది కాబట్టి పగిలిందండీ. ప్లాస్టిక్కుదైతే తుడిచి మళ్ళీ అమ్మేవాణ్ణి."

"ఏడ్చాక నిద్రపోయారా?" అని అడిగాడు సుందరరాజు.

"అదెవరు చూశారు సార్. నేను అప్పటికి బస్సెక్కాను."

శిశురంజనికి నకిలీ సరుకు బయలుదేరిందని దివిసీమంతా పుకారు వ్యాపించింది. పరువు కాపాడుకోవడానికి కంపెనీ విచారణ సంఘాన్ని వేసింది. వకీలుగారు అధ్యక్షులు. గోడౌనులో, భోజనానంతరం విచారించి, సంఘం నకిలీని గుర్తుపట్టే విధానాన్ని ప్రకటించింది. అసలు శిశురంజనికి వాసన ఉండదు. అసలు సీసాకు రెండు వైపులా సొట్టలుంటాయి. అసలు మందు తాగిన పిల్ల ఏడవదు. ఈ లక్షణాలు లేని సరుకు ఎవరిదగ్గరైనా కనిపిస్తే పోలీసులకు అప్పగించాలి. నకిలీని తయారు చేసింది కంపెనీయే కదా అని సుందరరాజు గుర్తుచేశాడు. ఆ విషయం విచారణ పరిధిలోకి రాదని వకీలుగారు చెప్పారు.

అనుమానాలు తీర్చడానికి అవనిగడ్డలో సభ పెట్టారు. పందిరి వేశారు. ప్రభుత్వం తరఫున ఆరోగ్యశాఖ అధికారి ఒకాయన వచ్చారు. రామబ్రహ్మం గారు మైకు ముందు నిలబడ్డారు.

"సోదరీ సోదరులారా. పూర్వం మన పిల్లలు మందు తాగుతూ ఏడ్చేవారు. అది పరాయి పాలన. నేడు మన దేశం మనది, మన మిల్లు మనది, మన సీసా మనది. స్వతంత్ర భారతంలో పుట్టిన శిశువు మందు తాగుతూ ఏడవవలసిన అగత్యం ఏమిటి? మూడవ పంచవర్ష ప్రణాళిక పూర్తయ్యేలోపు ఏడుపు లేని దివిసీమను జాతికి అంకితం చేస్తామని మనవి చేస్తున్నాను."

తరువాత ప్రదర్శన. ముందు వరసలో కూర్చున్న రమణమ్మ అనే ఆమె ఒళ్ళో మనవరాలు ఉంది. పొద్దుటి నుంచీ కాళ్ళు ముడుచుకుని నలుగుతోంది. ఆ పిల్లను వేదిక మీదికి తెప్పించారు. ప్లాస్టిక్కు సీసాలోంచి చెంచాడు పోశారు. పిల్ల చప్పరించింది. జనం చప్పట్లు కొట్టారు. గాజు సీసాలోంచి చెంచాడు పోశారు. పిల్ల మొహం కందిపోయింది, కాళ్ళు కొట్టుకుంది, పందిరి అదిరేలా ఏడ్చింది.

"ఇంతకన్నా సాక్ష్యం కావాలా?" అన్నారు రామబ్రహ్మం గారు. "ఇక మా ఇంజనీరు గారు సీసాను గురించి రెండు మాటలు చెబుతారు."

సుందరరాజు మైకు ముందుకు వచ్చాడు. రాత్రంతా అనుకున్న మాటలు మర్చిపోయాడు. మిగిలినవి చెప్పాడు.

"ఈ ప్లాస్టిక్కు సీసా చేసింది నేను. ఇందులో మందు నిలవదు. గోడలోంచి పోతుంది. మీరు పిల్లలకు పోస్తున్నది పంచదార పాకం. పిల్ల ఏడ్చిన సీసాలోది మందు. నా కూతురికి నేను పోసేది అదే. కంపెనీవారు ఈ సీసా ఆపేయాలి. అప్పటిదాకా మీరు కొనకండి."

రామబ్రహ్మం గారు కండువా సర్దుకున్నారు. ఉద్యోగం పోయిందని సుందరరాజు నిశ్చయించుకున్నాడు. అప్పుడు రమణమ్మ లేచింది.

"బాబూ, అర్థమైంది. ఇది పాకం, అది మందు. అంతేగా?"

"అంతేనమ్మా."

"మరి పాకం పోస్తే పిల్ల ఊరుకుంటది. మందు పోస్తే ఏడుస్తది. తెల్లారితే మేం నాట్లకి వెళ్ళాలి. ఏది కొనమంటారు?"

"పిల్లకు నొప్పి తగ్గాలి కదమ్మా."

"నొప్పి పిల్లదానికొక్కదానికేనండి. ఏడుపు ఇంటిల్లిపాదికీ."

చప్పట్లు ఆగలేదు. రామబ్రహ్మం గారు మైకు అందుకుని, ప్రజాభిప్రాయాన్ని శిరసావహిస్తున్నామని ప్రకటించారు. ఇంజనీరు గారి చమత్కారానికి కూడా ధన్యవాదాలు చెప్పారు. ఆ సందడిలో పిల్ల త్రేన్చింది. కాళ్ళు బారజాపి రమణమ్మ భుజం మీద నిద్రపోయింది. అది ఇద్దరే చూశారు. ఒకడు సుందరరాజు.

సభ ముగిశాక అతను పందిరి వెనక, ప్రదర్శనకు తెచ్చిన గాజు సీసాల పెట్టెలు సర్దుకుంటున్నాడు. రమణమ్మ వచ్చింది. చుట్టూ చూసి కొంగు చాపింది.

"ఆ ఏడిపించేది ఒకటి ఇటు పడేయండి బాబూ. మా వీధిలో ఎవరికీ చెప్పొద్దు."

సీసా ఇచ్చాడు. ఆమె వెళ్ళగానే ఆరోగ్యశాఖ అధికారి వచ్చారు. తన భార్యకు ఛాదస్తం ఎక్కువని, గాజు తప్ప ముట్టుకోదని చెప్పి రెండు తీసుకున్నారు. వకీలుగారు, నకిలీ సరుకు నమూనా న్యాయరీత్యా తన ఇంట్లో ఉండడం మంచిదని చెప్పి, మనవలిద్దరికీ సరిపడా నమూనాలు తీసుకున్నారు. చివరకు రామబ్రహ్మం గారు కారు దిగి వచ్చారు. సుందరరాజు చేతులు కట్టుకున్నాడు.

"ఉద్యోగం సంగతేనా అండీ?"

"ఉద్యోగానికేమైంది? చూడు, మా అమ్మాయి పురిటికొచ్చింది. పిల్లాడు రాత్రంతా ఒకటే ఏడుపు. ఆ గాజుది ఒకటి కారులో పెట్టించు. నీ సిద్ధాంతం నేను ఒప్పుకున్నట్టు కాదు సుమా."

సుందరరాజు ఉద్యోగం పోలేదు, పని పెరిగింది. తరువాతి సమావేశంలో బోర్డు ఒక పొదుపు తీర్మానం చేసింది. నూనెలు ఎలాగూ సీసాలో నిలవవు కాబట్టి వాటిని మందులో కలపడం మానేసి, సభ్యుల సౌకర్యార్థం పళ్ళేల్లో పోసి గోడౌనులోనే ఉంచాలి. వేరే ఒక తొట్టిలో కొద్దిగా పాత పద్ధతి మందు కాచి, కావలసిన పెద్దల ఇళ్ళకు గాజు సీసాల్లో ఇంజనీరు గారే అందజేయాలి. పగలు అతను దివిసీమకు ప్లాస్టిక్కు సీసాలు ఊదిస్తాడు. సాయంత్రం ఇంటిదగ్గర గాజు సీసాలు ఇస్తాడు. మేజిస్ట్రేటు గారి ఇంటి నుంచి వస్తారు. డాక్టర్ల ఇళ్ళ నుంచి వస్తారు. నకిలీ సరుకు పట్టుకోవడానికి నియమించిన ఇన్‌స్పెక్టరు స్వయంగా వస్తారు. నూర్ బీ గోడ మీద నుంచే అందుకుంటుంది. వచ్చిన ప్రతివారికీ సుందరరాజు సీసా ఇచ్చి, వెంటనే తలుపు వేయకుండా కాసేపు నిలబడతాడు. మిగతా పిల్లల మాట ఎవరైనా అడుగుతారేమోనని. వారు చిల్లర కోసం నిలబడ్డాడనుకుంటారు.

ఈ కథను అచ్చుకు ముందే విన్నవారు కొందరున్నారు. అందరూ రామబ్రహ్మం గారిని చూసి నవ్వారు, రమణమ్మను చూసి జాలిపడ్డారు. తరువాత ఒక్కొక్కరే పక్కకు వచ్చి, బందరు ఇంగ్లీషుపాలెంలో సుందరరాజు ఇల్లు ఎక్కడని అడిగారు. ఆ ప్లాస్టిక్కు సీసాను ఆపించాలంటే ఏ ఆఫీసుకు వెళ్ళాలని అడిగినవారు ఇంతవరకు లేరు. కనుక పాఠకులను శ్రమపెట్టకుండా ముందే మనవి చేస్తున్నాం. చర్చి దాటాక ఎడమవైపు మూడో ఇల్లు. వెనక గుమ్మం తట్టాలి.